ఒప్పుకోను అనే బటన్

కడపలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. యాప్ వాడబోయేవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లకేం కావాలో విని, ప్రోగ్రామర్లకు అర్థమయ్యేట్టు రాసివ్వడం నా పని. అందులో ఏది ముందు చేయాలో, ఏది పక్కన పెట్టాలో తేల్చేది ప్రాడక్ట్ ఓనర్. మా టీముకు ప్రాడక్ట్ ఓనర్ నా స్నేహితురాలే. ఇంజనీరింగ్ చదివినన్నాళ్లూ ఒకే గదిలో ఉన్నాం. నాకు టైఫాయిడ్ వస్తే పరీక్షల ముందు కూడా నా పక్కనే కూర్చుంది. ఆ ఉద్యోగమూ తను చెబితేనే వచ్చింది.

చీనీకాయల, అంటే బత్తాయిల, వ్యాపారులు కొందరు కలిసి రైతుల దగ్గర కాయ కొనడానికి మాతో యాప్ చేయించుకున్నారు. రైతుల మాట కూడా వినాలని మేమిద్దరం వేంపల్లె వెళ్లాం. తోటలో ఒక పెద్దాయన మాకు కాయలు ఒలిచిపెట్టి మరీ చెప్పాడు.

"రేటు మాట్లాడేటప్పుడు అందరూ మంచోళ్లే మా. కాయ కోసినంక మచ్చలుండాయంటారు, రేటు తగ్గిస్తారు. కోసిన కాయ మళ్లీ చెట్టుకు అతికించలేం గదా. నేను ఒప్పుకోనంటే ఆ కాయ ఇంకో వ్యాపారికి కనపడేటట్ల చేయగలరా?"

"చేస్తాం చిన్నాయనా. అన్నిటికంటే ముందు అదే చేస్తాం" అని నా స్నేహితురాలే మాటిచ్చింది.

రెండు వారాలకొక విడతగా పని సాగేది. మొదటి విడతలో ఆ 'ఒప్పుకోను' బటన్ రాలేదు. "లాగిన్ సరిగ్గా రాలేదే, అదైనంక చూద్దాం" అంది. తర్వాతి విడతలోనూ రాలేదు. నాకు అనుమానం రాలేదు సరికదా, టీములో ఎవరైనా గొణిగితే తన తరఫున నేనే సర్దిచెప్పేదాన్ని.

వేంపల్లెలో ఒక కల్యాణ మండపంలో అందరికీ యాప్ చూపించాం. ముందు వరుసల్లో వ్యాపారులు, వెనక రైతులు. పెద్దాయన లేచాడు.

"ఒప్పుకోనని చెప్పేది యాడుండాది మా?"

మైకు నా స్నేహితురాలి చేతిలో ఉంది. "అది మా దాకా రాలేదు చిన్నాయనా. మీరు చెప్పింది రాసివ్వాల్సింది ఈమె. ఈమె రాయలేదు" అని నన్ను చూపించింది. గొంతు కొంచెం కూడా తడబడలేదు.

మండపమంతా నా వైపు తిరిగింది. పెద్దాయన ఒక్క క్షణం నన్నే చూసి కూర్చున్నాడు.

విడత ముగిశాక టీమంతా కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకోవడం మాకు అలవాటు. ఆ సమావేశం నడిపించే స్క్రమ్ మాస్టర్‌ను సూటిగా అడిగాను: "నేను రాయలేదా?"

అతను తల దించుకున్నాడు. "రాసినావక్కా. వ్యాపారులు వద్దన్నారు, మొదట్లోనే. నీకు చెప్పొద్దని..." అంటూ నా స్నేహితురాలి వైపు చూశాడు.

"చేయిస్తాండేది వాళ్లు గదే" అంది తను. "వాళ్లను ముందర పెట్టుకుని వాళ్లే వద్దన్నారని ఎట్ల చెప్పేది? వేరేవాళ్ల పేరు చెప్పింటే గొడవయ్యేది. నువ్వైతే ఏమీ అనుకోవులే అనుకుంటి."

దగ్గరిదాన్ని గనకే నన్ను ఎంచుకుందన్నమాట. అప్పటిదాకా కోపమే ఉండింది. ఆ మాట విన్నాక కోపం కూడా మిగల్లేదు. లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

ఆ ఆదివారం ఒక్కదాన్నే వేంపల్లె వెళ్లి పెద్దాయనకు జరిగింది చెప్పాను.

"నాకు తెలుసులే మా. మాటిచ్చింది ఆ యమ్మే గదా, నేను మర్చిపోతానా?"

"మరి ఆ రోజు అందరిలో ఎందుకు చెప్పలేదు చిన్నాయనా?"

"ముందర కూర్చున్నోళ్లకే గదమ్మా నేను కాయ అమ్ముకోవాల్సింది" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

ఉద్యోగం మానేసి కర్నూలులో మరో కంపెనీలో చేరాను. ఇక్కడా అదే పని. అప్పుడప్పుడూ నా స్నేహితురాలు ఫోన్ చేస్తుంది. తీస్తాను. పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడుకుంటాం. "ఒకసారి కడపకు రాగూడదా" అంటుంది. చూస్తానంటాను. ఇంతవరకూ వెళ్లలేదు.