ఐదు భాషలు, ఐదు మొదటి పాఠాలు

పరువు పోగొట్టుకోవడానికి మనిషికి ఒక భాష చాలు. ఒకే ఫోన్లో, స్పీకర్ పెట్టి మరీ, చుట్టూ బీడీలు చేసే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టుకుని, ఐదు భాషల్లో పరువు పోగొట్టుకున్నది మాత్రం ఖానాపూర్ మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, నాకేం బాధ లేదు. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. కాకపోతే ఒక్క సంగతి ముందే చెప్పేస్తున్నాను: నేను చదువు మాత్రం వదల్లేదు. వదిలే మనిషినైతే అసలు ఇంత గొడవే జరిగేది కాదు.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజులవి. నిర్మల్‌లో ఉద్యోగ మేళా అంటే పోయాను. అక్కడ టై కట్టుకున్న ఒకాయన నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి, "ఒక విదేశీ భాష నేర్చుకోమ్మా, ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది" అన్నాడు. ఆయన పాపం ఒకటే అన్నాడు. బస్సు ఖానాపూర్ చేరేలోపు నేనే దాన్ని ఐదు చేశాను. ఒక భాషకు ఒక దేశమైతే ఐదు భాషలకు ఐదు దేశాలు. నా లెక్కలో తప్పుందా, మీరే చెప్పండి!

భాషలు నేర్పే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని, ముందు జపాన్ భాషతో మొదలుపెట్టాను. ఏ భాషకైనా మొదటి పాఠమంత తియ్యనిది ఇంకోటి ఉండదు. నమస్కారం, నా పేరు రవళి, మీరు బాగున్నారా. అంతే! చెప్తుంటే మనకే మన మీద గౌరవం పుట్టుకొస్తుంది. అద్దం ముందు నిలబడి జపాన్ వాళ్ల లాగా వంగి వంగి దండాలు పెట్టాను. మా అవ్వ, అంటే మా అమ్మ, చూసి నాకు నడుం పట్టేసిందనుకుని జండూబామ్ తెచ్చింది.

రెండో పాఠం ఫరవాలేదు. మూడో పాఠానికొచ్చేసరికి కళ్లు మూతలు పడటం మొదలైంది. ఉత్సాహం ఎండాకాలం బోరు లాగా దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇంకొకరైతే అక్కడే మానేసేవాళ్లు. నేను మొండిదాన్ని. ఉత్సాహం తగ్గకుండా ఉండటానికి ఒక మందు కనిపెట్టాను: ఒక భాష విసుగనిపించగానే ఇంకో భాష మొదలుపెట్టడం. వెంటనే జర్మన్ తెరిచాను. నమస్కారం, నా పేరు రవళి. ఆహా, ప్రాణం లేచొచ్చింది! జర్మన్ నీరసం తెప్పించగానే కొరియన్, అది ముదరగానే ఫ్రెంచ్, చివరికి అరబ్బీ. అలా నా ఉత్సాహం ఒక్కనాడు కూడా తగ్గలేదు. అది తగ్గేలోపే నేను భాష మార్చేసేదాన్ని.

మా అవ్వకు ఈ మందు మీద నమ్మకం లేదు.

"ఒక్క పొయ్యి మీద ఐదు గిన్నెలు పెడితివి. ఏది ఉడుకుతదే?"

"అన్నీ ఒక్కసారే ఉడుకుతయ్ అవ్వా, సూస్తుండు."

"ఉడుకుడు కాదు, మాడకుంటె సాలు."

రెండో మందు ఇంకా బలమైనది. చేస్తానన్న పని నలుగురికీ చెప్పేస్తే, సిగ్గుకైనా చేసి తీరతామని ఎవరో ఫోన్లో చెప్పగా విన్నాను. మా వాకిట్లో రోజూ పొద్దంతా ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తుంటారు. మా చిన్నవ్వ, అంటే బాపు తమ్ముడి భార్య, వాళ్లలో ఒకతి. పక్కింటి పోసవ్వత్త వాళ్లందరికీ పెద్ద. ఆమెకు ఒక మాట చెప్తే మైకు పెట్టి ఊరంతా చెప్పినట్టే. అందుకే ఆమె దగ్గరే కూర్చుని చెప్పాను.

"అత్తా, నేను ఐదు భాషలు నేర్చుకుంటున్న."

"ఐదా! నాకు ఒక్క తెలుగుకే నోరు నొప్పి వెడ్తది. ఎంత దాక వచ్చినయ్ మరి?"

"అన్నీ వస్తున్నయ్" అన్నాను. అబద్ధమేం కాదు. వస్తూనే ఉన్నాయి, ఇంకా చేరలేదు.

మరుసటి రోజుకల్లా 'వస్తున్నయ్' అన్న మాట 'వచ్చినయ్' అయిపోయింది. కిరాణా దుకాణం సేటు నన్ను చూసి కుర్చీ జరిపాడు. నేను ఎవరి మాటనూ సరిదిద్దలేదు. గౌరవం దానంతటది నడిచొస్తే వద్దని వెళ్లగొట్టడానికి నాకేం పిచ్చా? ఆ 'పిచ్చి' అన్న మాట సంగతి తర్వాత తెలుస్తుంది.

అప్పుడే లావణ్య పెళ్లి కుదిరింది. లావణ్య మా చిన్నవ్వ కూతురు, నాకు చెల్లెలు. పిల్లగాడు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని చేస్తాడు. అతనికి దొరికిన సెలవును బట్టి ముహూర్తం పెట్టారు కాబట్టి అది జరపడానికి లేదు. జరగాల్సింది లావణ్య తండ్రి, మా చిన్నబాపు గంగన్నే, గల్ఫ్ నుంచి ఇంటికి. చిన్నబాపు అక్కడ ఒక పెద్దాయన ఇంట్లో కారు నడుపుతాడు. పనిలో పెట్టుకున్న ఆ యజమానిని కఫీల్ అంటారు. కఫీల్ సరే అనకపోతే విమానం ఎక్కడానికి లేదు.

చిన్నబాపు ఫోన్ చేసి చల్లగా చెప్పాడు.

"సెలవియ్యనంటుండు. డ్రైవర్లందరు గిదే పెండ్లి ముచ్చట చెప్తరట. 'మీ ఇంటోళ్లతోని నన్ను మాట్లాడియ్యి. నిజమనిపిస్తే పంపిస్త' అన్నడు."

లావణ్య ఫోన్ లాక్కుంది. "బాపూ, నా పుట్టినరోజులన్నిటికి ఫోన్లనే కనవడ్డవ్. పెండ్లికి కూడ ఫోన్లనేనా? నువ్వు వచ్చి నా పెండ్లికొడుకు కాళ్లు కడిగితేనే నేను పీటల మీద కూసుంట. లేకుంటే నాకీ పెండ్లే వద్దు."

అటు నుంచి చిన్నబాపు ముక్కు చీదిన చప్పుడు వినపడింది. చిన్నవ్వ కళ్లు తుడుచుకుని, ఒక్కసారిగా నా వైపు తిరిగింది.

"జర ఫికర్ జేయకుండ్రి! మన రవళికి అర్బీ వస్తది. ఆయనతోని అర్బీలనే మాట్లాడుతది."

నాకు అరబ్బీలో వచ్చింది మొదటి పాఠం. ఆ మాట చెప్దామనే నోరు తెరిచాను, ఒట్టు. కానీ బీడీల చాటలన్నీ ఆగిపోయి, అన్ని కళ్లూ నా మీదే ఉన్నాయి. "ఐదు వచ్చిన పిల్లకు ఒక్కటి మాట్లాడుడు ఎంత సేపు!" అంది పోసవ్వత్త. తెరిచిన నోటితో నేనేమన్నానో తెలుసా?

"ఎంత సేపు!" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం కఫీల్ ఫోన్ వచ్చింది. నేను స్పీకర్ పెట్టాను. ఎందుకు పెట్టానని అడక్కండి, అందరూ వినాలనే పెట్టాను. మొదటి పాఠం నమస్కారం దివ్యంగా చెప్పాను. ఆయన ఎంత సంబరపడ్డాడంటే, తిరిగి నమస్కారం చెప్పి, ఇక అరబ్బీ వరద వదిలాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నేను నా పేరు చెప్పాను. ఆయన ఏదో అడిగాడు. నేను మళ్లీ నా పేరు చెప్పాను. ఆయన ఇంకేదో అడిగాడు. నా దగ్గర అరబ్బీ అయిపోయింది.

బుద్ధి ఉన్నవాళ్లు అక్కడ ఫోన్ పెట్టేస్తారు. నాకు బుద్ధి లేకపోయినా పట్టుదల ఉంది. చుట్టూ ఆడవాళ్లు గుడ్లప్పగించి చూస్తుంటే ఆగేదెలా? నోటికి జర్మన్ దొరికింది: "ఇష్ హైసె రవళి." అటు నుంచి "ఆలో? ఆలో?" అంటున్నాడు. నేను వాకిట్లో నడుం వంచి, జపాన్ భాషలో నా పేరు చెప్పాను. తర్వాత కొరియన్‌లో చెప్పాను.

ఆయన గొంతు ఒక్కసారిగా మెత్తబడిపోయింది. హిందీలోకి దిగి అడిగాడు:

"క్యా హువా బేటీ? తబియత్ ఠీక్ హై?"

ఒంట్లో బాగుందా అని అడుగుతున్నాడు. హిందీ! సీరియళ్లు చూసి చూసి నాకు నీళ్లు తాగినంత సులువుగా వచ్చిన హిందీ! రెండు ముక్కలు మాట్లాడితే చిన్నబాపు సెలవు చేతికొచ్చేది. నేనేం చేశాను? ఇంకా ఒక భాష మిగిలిపోయిందన్న కంగారులో, "బోంజూర్!" అని ఫ్రెంచ్ అందుకున్నాను.

ఫోన్ కట్టయింది.

"అబ్బా, ఎంత సక్కగ మాట్లాడినవే!" అంది పోసవ్వత్త. "ఏమన్నడు?"

ఏం చెప్పను? రాని ఐదు భాషలూ మాట్లాడి, వచ్చిన ఒక్క భాష మింగేశానని చెప్పనా? చెప్పాను. చెప్పక తప్పలేదు. చిన్నవ్వ చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. లావణ్య నా వైపు చూడటం కూడా మానేసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. దాని పెళ్లి నా నోటి వల్లే ఆగిపోతోందని ఏడ్చాను కూడా.

కానీ ముందే చెప్పాను కదా, నేను మొండిదాన్ని. తెల్లారగానే ఫోన్లోంచి నాలుగు భాషలు పీకేసి అరబ్బీ ఒక్కటే ఉంచాను. అందులోనూ ఒక్క వాక్యం: 'మా చిన్నబాపు కూతురి పెళ్లి, దయచేసి మా చిన్నబాపుకు సెలవు ఇవ్వండి.' ఫోన్ ఎలా పలికితే అలా, గొంతు లోతుల్లోంచి, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా అదే. పళ్లు తోముతూ అదే, బర్రెకు గడ్డి వేస్తూ అదే. ఈసారి విసుగు రాలేదు. చెల్లెలి మొహం చూస్తే విసుగెక్కడిది!

"ఒక్కదానివి అంటె ఆయన నమ్మడు" అంది పోసవ్వత్త. "మాకు కూడ నేర్పియ్యి. అందరం అందాం."

నేర్పించాను. బీడీ ఆకు చుట్టే లయలో ఆ వాక్యం భజన లాగా వాకిట్లో మోగిపోయింది. పోసవ్వత్తకైతే నాకంటే బాగా పట్టుబడింది. అంతా సిద్ధమయ్యాక కఫీల్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. నా నంబర్ కనపడితేనే ఆయనకు దడ పుడుతున్నట్టుంది.

పెళ్లి దగ్గర పడింది. ఒక పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. పెద్ద పెట్టెతో దిగింది మా చిన్నబాపు! లావణ్య ఉరికి వెళ్లి మెడ పట్టుకుంది. చిన్నవ్వ ఏడుపూ నవ్వూ కలిపి కానిచ్చింది. చిన్నబాపు మాత్రం కూతురి తల నిమురుతూ, నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"బిడ్డా, పానం ఎట్లున్నది?"

"నాకేమైంది చిన్నబాపూ?"

"గదే నాకు సమజైతలేదు. కఫీల్ నన్ను పిలిచి, పెండ్లి ముచ్చట తర్వాత, ముందు ఇంటికి పో అన్నడు. 'మీ ఇంట్ల ఒక పిల్లకు మతి సక్కగ లేదు. తన పేరు తాను మర్చిపోతనేమో అని మల్ల మల్ల చెప్పుకుంటున్నది. జల్ది పోయి మంచి దవఖాన్ల సూపియ్యి' అని ఆయనే టికెట్ తీసిచ్చిండు. గీ ఖర్జూరాలు నీకే పంపిండు, బలం రావాల్నట."

ఇంటిల్లిపాదీ నేల మీద పడి దొర్లారు. నేను ఖర్జూరాలు తిన్నాను. అవి నేను కష్టపడి సంపాదించుకున్నవే కదా!

పెళ్లి ఘనంగా జరిగింది. చిన్నబాపు పళ్లెంలో అల్లుడి కాళ్లు కడుగుతుంటే లావణ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నావి ఆగలేదు. అక్కడితో అయిపోతే ఎంత బాగుండు! భోజనాల వేళ చిన్నబాపు ఫోన్‌కు వీడియో కాల్ వచ్చింది. కఫీల్! తెల్లటి గడ్డం, దయగల కళ్లు. ఆ పిల్లకు ఎలా ఉందో ఒకసారి చూపించమన్నాడట. చిన్నబాపు ఫోన్ నా చేతిలో పెట్టి చెవిలో అన్నాడు: "హిందీల మాట్లాడు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, హిందీల!"

హిందీలోనే మాట్లాడాలని నాకూ ఉంది. కానీ ఆయన మొహం కనపడగానే, ఇన్నాళ్లుగా గొంతులో ఎదురుచూస్తున్న వాక్యం తూటా లాగా బయటికొచ్చింది. స్వచ్ఛమైన అరబ్బీలో, ఒక్క తప్పు లేకుండా చెప్పాను: 'మా చిన్నబాపు కూతురి పెళ్లి, దయచేసి మా చిన్నబాపుకు సెలవు ఇవ్వండి!'

సెలవు మీద వచ్చిన చిన్నబాపు నా పక్కనే ఉన్నాడు. కఫీల్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. అంతలో నా మాట వినపడగానే, బంతిలో కూర్చున్న పోసవ్వత్త విస్తరి ముందు నుంచే గొంతెత్తి అదే వాక్యం అందుకుంది. ఆమె వెనక బీడీల ఆడవాళ్లంతా, నేను నేర్పించినట్టే, ముక్తకంఠంతో: సెలవు ఇవ్వండి! సెలవు ఇవ్వండి!

కఫీల్ మొహం ఫోన్ నుంచి కొంచెం వెనక్కి జరిగింది. చిన్నబాపుతో మెల్లగా ఏదో అన్నాడు. ఫోన్ పెట్టేశాక అందరం అడిగాం.

"ఏమన్నడు?"

చిన్నబాపు నవ్వాపుకోలేక పందిరి గుంజ పట్టుకున్నాడు. "'గంగన్నా, గిది అంటుకునే రోగం లెక్కున్నది, ఊరంత పాకింది. నువ్వు జర పైలం. అందరికి తగ్గినంకనే రా, తొందర లేదు. నీ పని యాడికి పోదు' అన్నడు."

కాబట్టి పెద్దల ముందు, కొత్త దంపతుల ముందు, పోసవ్వత్త బీడీల చాట మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఒక భాష చివరి పాఠం ముగిసేదాకా ఇంకో భాష మొదటి పాఠం ఈ జన్మలో తెరవను. అరబ్బీ విసుగు పుట్టినా అరబ్బీయే, కళ్లు మూతలు పడినా అరబ్బీయే. మూడో పాఠం దాటేశాను, వదిలేది లేదు. మీరు మాత్రం నాకు నయమైందని ఎక్కడా అనకండి. చిన్నబాపు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.