మా సుశీల సొరకాయ

ఈ రోజు నా తొమ్మిదేళ్ల కూతురు సుశీల ముందు నా పరువు పోయింది.

వేమూరులో మా యువజన సంఘం వాళ్లు పిల్లలకు తలా కాసిని విత్తనాలిచ్చి కూరగాయల పోటీ పెట్టారు. సుశీల సొరపాదుకు నిలిచింది ఒకే ఒక్క కాయ, అదీ వంకర. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని నిన్న తెనాలి మార్కెట్లో నిగనిగలాడే సొరకాయ కొనుక్కొచ్చి, పొద్దున్నే తను లేవకముందే పచ్చదారంతో పాదుకు కట్టేశాను.

పాదులు చూసి బహుమతులు తేల్చడానికి బాపట్ల నుంచి మా పెరట్లోకి వచ్చిన వ్యవసాయాధికారి దాన్ని చూసి, "ఇది నువ్వే పెంచావా అమ్మా?" అన్నారు.

"లేదండి, అది మా నాన్న కట్టాడండి. నేను పెంచింది ఆకు కింద ఉంది, చూడండి," అంది సుశీల.

ఆయన దారాన్ని చూశారు, నన్ను చూశారు, పకపకా నవ్వేశారు. నేను తలెత్తితే ఒట్టు.

సాయంత్రం సంఘం దగ్గర వంకర కాయకే మూడో బహుమతి ఇచ్చారు, చిక్కుడు గింజల పొట్లం. ఇంటికొచ్చాక సుశీల అందులో సగం నా దోసిట్లో పోసింది.

"ఈసారి నువ్వూ ఓ పాదు పెట్టుకో నాన్నా. ఎలాగో నేను చెప్తాలే."

ఇప్పుడే గొయ్యి తవ్వి వచ్చాను. ఇలాంటి తెలివితక్కువ పని చేసిన తండ్రులు మీలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.