చెప్పుల గుట్ట మీద సిస్టరమ్మ

ఆ రోజుల్లో నాకు నడవడం తెలియదు, పరుగొక్కటే తెలుసు. నర్సింగు చదువు పూర్తయిన కొత్త. జగదల్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది (కిరండూల్ లైన్లో రైల్వే పని చేసే మా నాన్న ఆ సంగతి స్టేషను స్టేషనుకీ చెప్పుకున్నాడు). చేతిలో ట్రే ఉంటే చాలు, వార్డంతా నేనే మోస్తున్నానని నా నమ్మకం.

మా ఆడవాళ్ల వార్డు గుమ్మంలో ఎప్పుడూ చెప్పుల గుట్ట ఉండేది. వేసుకునే రండని ఎంత చెప్పినా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వినరు. ప్రాణం నిలబెట్టే చోట చెప్పులేమిటని వాళ్ల మర్యాద. ఒక ఉదయం పరుగులో ఆ మర్యాద మీదే కాలు వేశాను. ట్రే ఒక దిక్కు, నేనొక దిక్కు. చీలమండ చూస్తుండగానే బూరెలా పొంగింది. పెద్ద సిస్టర్ వచ్చి "ఎవరివీ చప్పల్?" అని గర్జించింది. వార్డు వార్డంతా "నావే" అంది! తుంటి విరిగి మంచం దిగలేని, కొంట ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ కూడా, "నాయే తల్లీ, నన్ను తిట్టు" అంది (ఆవిణ్ణి స్ట్రెచర్ మీద తెచ్చారు, చెప్పులెక్కడివి!).

కట్టు వేశాక పెద్ద సిస్టర్ నెమ్మదిగా అంది, "చూడమ్మా, కాలు నయమయ్యేదాకా లంబీ ఛుట్టీ పెడితే నీ జాగాలో ఇంకొకర్ని పెట్టేస్తారు." కాలి నొప్పి మరిచిపోయి ఉద్యోగం కోసం భోరుమన్నాను. మంచం మీంచి పెద్దమ్మ అందుకుంది. "ఏంది తల్లీ, మేమంత లేమా? ఆ పిల్లను కుర్సీల కూసోబెట్టు. నడిసేటోళ్లం మేమే వస్తం."

అలాగే జరిగింది. నేను చక్రాల కుర్చీలో కూర్చుంటే బీపీ చూపించుకోవడానికి వాళ్లే వచ్చేవారు. కదల్లేనివాళ్ల దగ్గరికి ఎవరో ఒకరు నన్ను తోసుకెళ్లేవారు. మందు వేసుకున్నారా అని నేనడిగేలోపు, "నువ్ ఏస్కున్నవా?" అని వాళ్లే గద్దించేవారు. కొంచెం లేవబోతే చాలు, వార్డంతా "కూసో!" అని అరిచేది. వాళ్ల పుణ్యాన నా ఉద్యోగం నిలిచింది.

నా కట్టు విప్పకముందే పెద్దమ్మ ఇంటికి బయల్దేరింది. వెళుతూ పెద్ద సిస్టర్ చెయ్యి పట్టుకుని, "మా పిల్లను జర పైలంగ సూస్కో తల్లీ, తిట్టకు" అని అప్పగించింది. రోగుల్ని చుట్టాలకి అప్పగించడం ఇన్నేళ్లలో ఎన్నోసార్లు చేశాను. నర్సుని ఆసుపత్రికి అప్పగించి వెళ్లిన రోగి మాత్రం ఆవిడొక్కతే. ఆవేళ సిగ్గుతో తల దించుకున్నాను గానీ, ఇప్పటి బుద్ధి అప్పుడుంటే, వంగడానికి కాలు ఒప్పుకోకపోయినా సరే, ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టి ఉండేదాన్ని.