మూడో గుంత

నా ఫోటో ఒకటి ప్రస్తుతం మా మండలం ఆఫీసులో, ఓ ఫైలులో ఉంది. అది అక్కడికెలా చేరిందో మా ఊరివాళ్లు కథలు కథలుగా చెప్తున్నారు. వాళ్ల నోట వినేలోగా నా నోట వినండి. టీ తాగుతూనే వినండి, కానీ మధ్యలో నవ్వొద్దు.

మెయిన్ రోడ్డు నుంచి మా ఊరికి రెండు కిలోమీటర్ల మట్టిబాట. వాగు దగ్గర వరసగా ఐదు గుంతలు. మూడోది ఎద్దుబండి చక్రాన్ని సగం మింగుతుంది. నాలుగు చినుకులు పడితే ఆటోలు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతాయి. పోయినేడు ఒకామెను పురిటినొప్పులతో మంచం మీద మోసుకుపోయారు. ఈసారి నెలలు నిండింది సుజాత వదినకు. మా మహిళా సంఘం అధ్యక్షురాలు నర్సమ్మత్త కోడలు.

ఖమ్మంలో డిగ్రీ చదువుతున్న నేను సరిగ్గా అప్పుడే సెలవులకు వచ్చాను. సంచిలో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ. సంఘం మీటింగులో లేచి, రోడ్డు మన హక్కు, ఎవరి దయాధర్మమూ కాదని అరగంట మాట్లాడాను.

"గదంతా మంచిగనే ఉంది లీడరమ్మా," అంది నర్సమ్మత్త వక్క నములుతూ. "ఇరవై మందిమి ఉన్నం. తలా పది గంపల మొరం పోస్తే గుంతలు నిండవా ఏంది? బడి కాడ గట్లనే చేస్తిమి, అంగన్‌వాడీ కాడ గట్లనే చేస్తిమి."

"అదే తప్పు అత్తా. శ్రమదానమంటే సర్కారు బాధ్యతను మన నెత్తిన గంపలో పెట్టుకోవడం."

ఆ వాక్యం నాది కాదు, ఏదో కరపత్రంలోది. గంప మాత్రం నేను చేర్చాను.

నా ప్లాన్ చెప్పాను. మండలం ఇంజనీరు గారిని జీపులో తీసుకొస్తాను. జీపు మూడో గుంతలో దిగబడుతుంది. నేను ఫోటో తీస్తాను. గుంతలే మన సాక్ష్యం.

"అవ్, అవ్," అన్నారు అందరూ. ఆ "అవ్"ను నేను నమ్మాను. చదువుకున్నదాన్ని కదా.

ఆఫీసు చుట్టూ మూడ్రోజులు తిరిగితే గురువారం వస్తానన్నారు. ఆయన ఎక్కడ తప్పించుకుంటారోనని ఫస్ట్ బస్సుకే మండలానికి పోయి, జీపు వెనక సీట్లో కూర్చున్నాను. ఒళ్లో ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చిన కెమెరా. రీలులో మిగిలినవి రెండే ఫోటోలు.

దారి పొడుగునా ప్రజల కష్టాల మీద ఉపన్యాసం ఇచ్చాను. వాగు దగ్గర పడుతుండగా ముందు సీటు రాడ్ రెండు చేతులా పట్టుకుని అన్నాను: "సార్, గట్టిగా పట్టుకోండి."

ఆయన పట్టుకున్నారు. డ్రైవర్ గేరు తగ్గించాడు. జీపు చల్లగా, నీళ్ల మీద పడవలా సాగిపోయింది.

"ఇంకా రాలేదామ్మా గుంత?"

"ముందుంది సార్."

ముందు గుంత లేదు. ఇరవై మంది ఆడవాళ్లు ఉన్నారు. మోకాళ్ల దాకా బురద, చేతుల్లో పారలు, గంపలు. నర్సమ్మత్త చేతిలో బంతిపూల దండ.

"మా లీడరమ్మ ఫస్ట్ బస్సెక్కంగనే మొదలువెట్టినం సార్," అంది దండ వేస్తూ. "మీరొస్తున్నరని. జీపు దిగబడితే మా ఊరి పరువు ఏం గావాలె?"

నా పరువు సంగతి ఎవరూ అడగలేదు.

"సార్, ఇది పైపై మొరం. ఒక్క వానకు కొట్టుకుపోతుంది," అన్నాను.

"పోతే అప్పుడు చూద్దామమ్మా. కళ్లతో చూసిందే కదా నేను రాయాలి." ఆయన టీ తాగి, సంఘంతో ఓ ఫోటో దిగుతానన్నారు. రీలులో ఒకటి అలా అయిపోయింది.

జీపు కదలగానే నర్సమ్మత్త మీద విరుచుకుపడ్డాను. "సాక్ష్యమంతా పూడ్చేశారు అత్తా!"

"నీ సాక్ష్యంల కూసోని నా కోడలు పురుడు పోసుకోవాల్నా?"

కెమెరా భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాను.

మధ్యాహ్నం సుజాత వదినకు నొప్పులు మొదలయ్యాయి. వానాకాలంలో ఎన్నడూ మెయిన్ రోడ్డు దాటి లోపలికి రాని ఆటో ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఇంకా మొరం సర్దుతూ వాగు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన నర్సమ్మత్త కాళ్లూ చేతులూ కడుక్కునే దాకా ఆగే పరిస్థితి లేదు.

"నువ్వెక్కు లీడరమ్మా," అంది. "ఊరు మొత్తంల మట్టి అంటని చేతులు నీయే. మేం ఎనకాల వస్తం."

ఎక్కాను. మూడో గుంత చోటు రాగానే అలవాటుగా రాడ్ గట్టిగా పట్టుకున్నాను. అంత నొప్పిలోనూ వదిన నా వైపు చూసి, "గుంత లేదు గదా, నా చెయ్యి పట్టుకో," అంది.

పట్టుకున్నాను. దవాఖానాకు చేరిన అరగంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నా చేతి మీద వదిన గోళ్ల గుర్తులు వారం రోజులున్నాయి.

ఇక్కడితో ఆపితే నా గౌరవం కొంతైనా మిగిలేది. కానీ పదిరోజులకు పెద్ద వాన పడింది. పొద్దున్నే మొరమంతా వాగుపాలయిందని తెలిసింది. అందరూ అయ్యో అంటుంటే, నేనొక్కదాన్నే "చెప్పానా!" అంటూ కెమెరా పట్టుకుని సంతోషంగా పరుగెత్తాను.

నీళ్లు నిండిన గుంత లోతు తెలియదు కదా. మంచి యాంగిల్ కోసం వెనక్కి వెనక్కి నడిచాను. కెమెరాను మాత్రం పైకెత్తి పట్టుకున్నాను, అది అరువుది.

వెనకే గంపతో వస్తున్న నర్సమ్మత్త గుంతలో కూర్చున్న నన్ను చూసి గంప దించింది. లాగుతుందని చెయ్యి చాచాను. ఆమె ఆ చేతిలోంచి కెమెరా తీసుకుంది.

"ఏది నొక్కాలె?"

"అత్తా, ముందు నన్ను లాగు."

"ఆగు, సాక్ష్యం."

నొక్కింది. రీలు అయిపోయింది.

కొత్త దరఖాస్తుకు జతచేయడానికి నా దగ్గర ఇంకో ఫోటో లేదు. ఇంజనీరు గారు దాన్ని చూసి, ఈసారి అప్పటికప్పుడే కొలతలకు మనిషిని పంపారు. మూడో గుంత లోతు దగ్గర ఆయన స్వయంగా రాసుకున్నది నేను చూశాను: "దరఖాస్తుదారు నడుము వరకు."