జకర్యా సార్ ఎడమ చెవి

జకర్యా సార్‌కి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి వినపడుతుంది గానీ, ఎదుటి మనిషికి కోపం వచ్చిందంటే అదీ పనిచేయడం మానేస్తుంది. ఇది నేను కనిపెట్టిన రహస్యం కాదు. పరిచయమైన మొదటి నిమిషంలోనే ఆయన అందరికీ చెప్పేస్తారు. "నా పేరు జకర్యా. ఇరవై ఆరేళ్ళు హెడ్మాస్టరుగా చేశాను. ఎడమ చెవి కొంచెం మందం" అని, ఇంటి పేరు చెప్పుకున్నంత మామూలుగా.

రెజిమెంటల్ బజార్‌లో మా బడికి నేను ప్రిన్సిపాల్‌నైన ఏడాది, మేనేజ్‌మెంటు వాళ్ళు ఆయన్ని నాకు తోడుగా పంపారు. "సుకన్యా, నీకు పాఠం చెప్పడం వచ్చు. గొడవ తీర్చడం రాదు. సార్ దగ్గర నేర్చుకో" అన్నారు. గొడవలు తీర్చడం నేర్పే మనిషంటే నేను ప్రొజెక్టరూ, స్లైడ్లూ, మెడలో ట్యాగూ ఊహించుకున్నాను. సైనిక్‌పురి నుంచి పాత స్కూటరు మీద అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి దిగారు. చేతిలో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేదు. నా గది మూలన ఉన్న ప్లాస్టిక్ కుర్చీని తుడుచుకుని కూర్చున్నారు.

"మీ పని మీరు చేసుకోండమ్మా. నేను వింటూ ఉంటాను."

చెవుడున్న మనిషి వింటూ ఉంటానంటే నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

ఆ నవ్వు పూర్తిగా పోకముందే తలుపు తోసుకుని భానుప్రకాశ్ అనే తండ్రి వచ్చాడు. కూతురు ఆరో తరగతి.

"ఏందీ మేడమ్, ఇది స్కూలేనా? మా పాపను డ్యాన్స్‌ల నుంచి తీసేస్తరా? టీవీ వాళ్ళను పిలుస్త! రేపు మీ గేటు ముంగట కూర్చుంట!"

కూర్చోండి చూద్దాం అనబోయాను. ఈలోగా మూల నుంచి మెత్తటి గొంతు వినిపించింది.

"ఏమన్నారు బాబూ? ఎడమ చెవి కొంచెం మందం. ఇటు పక్కకొచ్చి కూర్చుని చెప్పండి."

భానుప్రకాశ్ వెళ్ళి కూర్చున్నాడు. కూర్చుని అరవడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. రెండోసారి చెప్పినప్పుడు గేటు పోయింది, టీవీ మిగిలింది. సార్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఇంకొక్కసారి, ఏమీ అనుకోకుండా" అన్నారు. మూడోసారి టీవీ కూడా పోయింది.

"ఏం లేదు సార్. మూడు దినాల సంది పాప బడికి రానంటున్నది. ఎందుకు తీసేసిండ్రో ఎవ్వరు చెప్పలే. గదే తక్లీఫ్."

"ఇదిగో, ఇప్పుడు వినపడింది" అన్నారు సార్ సంతోషంగా. "మేడమ్, ఈయన కారణం అడుగుతున్నారు. అంతే."

కారణం చూస్తే, అసలు పాపను ఎవరూ తీసేయలేదు. ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే, జాబితా టైపు చేసిన వాళ్ళు ఒకే పేరు రెండుసార్లు పడిందనుకుని ఒకటి కొట్టేశారు. భానుప్రకాశ్ వెళ్తూ వెళ్తూ సార్‌కి మంచి చెవి డాక్టరు నంబరు రాసిచ్చి వెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి సార్ దగ్గర అలాంటి నంబర్లు పదకొండు పోగయ్యాయి.

బడి బయట కూడా ఇదే వరస. ఒకసారి గేటు ముందు స్కూటరు అడ్డంగా పెట్టారని కారులోంచి ఒకాయన, "దిమాగ్ లేదా నీకు?" అని కేకేశాడు.

"దోమలా? ఉన్నాయి బాబూ, చాలా ఉన్నాయి. ఈ వానలకి మరీ ఎక్కువైపోయాయి."

కారులోని మనిషి ఒక క్షణం అలాగే చూసి, ఫక్కున నవ్వి, "జెర జరపండి సార్" అన్నాడు. ఈ మాట మాత్రం సార్‌కి మొదటిసారికే వినపడింది.

ఆయన భార్య ప్రేమమణి గారిని ఒకసారి అడిగాను, "ఆంటీ, డాక్టరుకి చూపించకూడదా?" అని. "దేనికమ్మా? ఉల్లిపాయలు తరగమంటే వినపడవు గానీ, నేను వంటింట్లో మా చెల్లెలితో ఫోన్లో గుసగుసగా చెప్పుకునేవన్నీ వినపడతాయి" అన్నారు. ఇది మొగుళ్ళందరికీ ఉండే చెవుడే అనుకుని వదిలేశాను.

డిసెంబరులో అసలు యుద్ధం షురూ అయింది.

మా బడికి మైదానం లేదు. నాలుగు వైపులా గదులు, నడుమ ఒక ఆవరణ, దాని చివర సిమెంటు స్టేజీ, అంతే. సాయంత్రం బడి వదలగానే అక్కడ పీఈటీ తిరుమల్ ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతాడు. అదే సమయానికి స్టేజీ మీద మ్యూజిక్ టీచరు ఎరిక్ వార్షికోత్సవం పాటలు నేర్పుతాడు. పాట పల్లవి ఎత్తుకోగానే విజిల్ మోగుతుంది. విజిల్ మోగితే ఎరిక్ కీబోర్డు శబ్దం పెంచుతాడు. కబడ్డీ కూత ఎవరికీ వినపడదు. ఔటైన పిల్ల ఔటవలేదంటుంది. స్టాఫ్ రూము రెండు పక్షాలైంది. ఒకే ఫ్లాస్కులో వచ్చే టీ రెండు ఫ్లాస్కుల్లో రావడం మొదలైంది. చివరికి ఒక రోజు కబడ్డీ పిల్ల ఒకతె జారుతూ వెళ్ళి మైకు స్టాండును కూల్చింది. ఇద్దరూ నా గదిలోకి వచ్చిపడ్డారు.

"మేడమ్, ఈయన పిల్లలు కావాలనే చేస్తున్నరు!" అన్నాడు ఎరిక్.

"స్టాండు నడుమల పెట్టింది నువ్వు! పిల్లకు మోకాలు చెక్కుకుపోయింది, అది కనవడదా?"

నేను తీర్పు ముందే రాసిపెట్టుకున్నాను. "వార్షికోత్సవం అయ్యేదాకా ఆవరణ ఎరిక్ గారిది. కబడ్డీ బంద్."

తిరుమల్ ముఖం నల్లబడింది. "గిట్లయితే నేను రాజీనామా ఇస్త!"

"రాజ్మానా?" అన్నారు మూల నుంచి సార్. "నాకు పడదు తిరుమల్. గ్యాసు."

ఎరిక్‌కి నవ్వొచ్చి తల తిప్పుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్ని రోజుల చిరాకంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది.

"ఇచ్చుకోండి! కూత పెట్టడం నేర్పడానికి టీచరే కావాలా? రోడ్డు మీద ఎవరిని పిలిచినా నేర్పుతారు."

తిరుమల్ ఆ బడిలో పద్నాలుగేళ్ళ నుంచి పనిచేస్తున్నాడు. జ్వరం వచ్చిన పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్ళకు దింపిన మనిషి. మాట నోరు దాటిన క్షణంలోనే తప్పు చేశానని తెలిసింది. కానీ ప్రిన్సిపాల్‌ని కదా! ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

"ఏమన్నారమ్మా?" అన్నారు జకర్యా సార్. "ఫ్యాను చప్పుడులో నాకు ఒక్క ముక్క వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

డిసెంబరు నెల. ఫ్యాను తిరగడం లేదు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఎంతసేపైనా ఆగుతానన్నట్టు కూర్చుని ఉన్నారు. తిరుమల్ వైపు తిరిగాను.

"తిరుమల్ గారూ, ఇది నా మొదటి వార్షికోత్సవం. మేనేజ్‌మెంటు అంతా ముందు వరసలో కూర్చుంటుంది. ఏదైనా తేడా వస్తే ఈ కుర్చీ నాకు తగదంటారేమోనని భయంగా ఉంది. ఆ భయంతో అనరాని మాట అన్నాను. క్షమించండి."

"ఆఁ, ఇది స్పష్టంగా వినపడింది" అన్నారు సార్. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఎరిక్, తిరుమల్‌కి ఏం కావాలో నువ్వు చెప్పు. తిరుమల్ ఔననేదాకా నీ సంగతి మొదలుపెట్టం."

"ఆయనకు ఏం కావాలె సార్? విజిల్ ఊదాలె."

"కాదు" అన్నాడు తిరుమల్.

"కప్పు కావాలె."

"కాదు."

"మరి ఏం కావాలన్నా నీకు? నువ్వే చెప్పు."

తిరుమల్ మెడలోని విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. "జనవరిల జోనల్ ఆటలున్నయి. నా టీముల ఇద్దరు పిల్లలకు పది అయినంక చదువు బంద్ చేపిస్తమని ఇంట్ల చెప్పేసిండ్రు. ఫైనల్ దాకా పోతే స్పోర్ట్స్ హాస్టల్ల సీటొస్తది. చదువు, తిండి అన్నీ ఆడనే. గంతే."

ఎరిక్ గొంతు దిగిపోయింది. "నాకు తెల్వదన్నా. ఎప్పుడు చెప్పలేదు గదా."

"నువ్వెప్పుడు అడిగినవ్?"

"ఇప్పుడు తిరుమల్ చెప్తాడు" అన్నారు సార్. "ఎరిక్‌కి ఏం కావాలి?"

"స్టేజీ కావాలె సార్."

"స్టేజీ నాకెందుకు?" అన్నాడు ఎరిక్. "మొఖం మీద ఎండ, నోట్ల మీ దుమ్ము! నాకు కావాల్సింది ప్లగ్ పాయింట్. ఎండకాలం రంగులేసినప్పటి నుంచి క్లాసుల ప్లగ్గులన్నీ చచ్చిపోయినయి. కీబోర్డు పెడ్తే పనిచేసే ప్లగ్గు స్టేజీ మీద ఒక్కటే ఉంది. ఆఫీసుకు రెండుసార్లు కాగితం సుత రాసిచ్చిన."

ముగ్గురూ నా వైపు చూశారు. నేను సొరుగు తెరిచాను. ఎరిక్ రాసిన కాగితాలు రెండూ మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. బడిని రెండుగా చీల్చిన యుద్ధం ఒక ప్లగ్గు కోసం. ఆ ప్లగ్గు నా సొరుగులో ఉంది.

"వినపడకపోవడం నాకొక్కడికే అనుకున్నాను" అన్నారు సార్, ఎవరితోనూ కాదన్నట్టు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మధ్యాహ్నం బెల్లులోపు పని ముగించాడు. పాటలు పైఅంతస్తు గదిలోకి వెళ్ళాయి. నాలుగు రోజుల తర్వాత ఎరిక్ తనంతట తానే కిందికి దిగి, "అన్నా, మీ పిల్లలు దమ్ము తప్పు పడ్తున్నరు, పొట్టలకెల్లి పట్టాలె" అంటూ కబడ్డీ పిల్లలకి ఊపిరి పట్టడం నేర్పాడు. వార్షికోత్సవం బాగా జరిగింది. కబడ్డీ జట్టు ఫైనల్లో ఓడిపోయింది గానీ ఆ ఇద్దరు పిల్లలకీ హాస్టల్ సీట్లొచ్చాయి. ఒకతెకి వెంటనే, ఇంకొకతెకి రెండో జాబితాలో.

ఫిబ్రవరిలో పిల్లలకి వినికిడి పరీక్షలు చేయడానికి జెనిఫర్ అనే అమ్మాయి మిషన్లతో వచ్చింది. స్టాఫంతా కలిసి సార్‌కి చెవి మిషన్ బహుమతిగా ఇవ్వాలని అనుకున్నాం. ఆయన "ముసలి చెవులకి ఎందుకమ్మా" అని గింజుకుంటున్నా లాక్కెళ్ళి కూర్చోబెట్టాను. పావుగంట తర్వాత జెనిఫర్ బయటికొచ్చింది.

"మేడమ్, సార్‌కి చెవుడని ఎవరన్నరు? రెండు చెవులూ ఫస్ట్ క్లాస్. ఈ వయసుల ఇట్లాంటివి నేను చూడలే. వరండాల పిల్లలు ఏం గుసగుసలాడుకుంటున్నరో సుత చెప్పిండ్రు."

సార్ వెనకాలే వచ్చి, హోంవర్కు చేయని పిల్లాడిలా నిలబడ్డారు. నా గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

"ముప్పై నాలుగేళ్ళ కిందట, హెడ్మాస్టరైన కొత్తల్లో నా చెవులు మరీ చురుకమ్మా" అన్నారు. "హెన్రీ అని కుర్ర లెక్కల మాస్టారు. పరీక్ష డ్యూటీల దగ్గర మాటా మాటా పెరిగి, 'ఈ ఉద్యోగం మీరే ఉంచుకోండి' అన్నాడు. విన్నాను. కాగితం తెప్పించి సంతకం పెట్టించుకున్నాను. పాపం, గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, నేను పిలుస్తానని. నేను తలెత్తలేదు. అప్పటినుంచి ఎడమ చెవి మందం చేసుకున్నాను. కోపంలో వచ్చే మొదటి మాట ఎవరిదైనా సరే, నాకు వినపడదు. రెండోది వింటాను."

"ఆ హెన్రీ ఇప్పుడెక్కడున్నారు?"

"మా సైనిక్‌పురిలోనే. బేకరీ పెట్టుకున్నాడు. నేను ఆ వీధిన వెళ్ళను. స్కూటరు చుట్టూ తిప్పుకుని వస్తాను."

"ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారీ మాట్లాడలేదా? మా అందరి చేతా ఎదుటి వాళ్ళను అడిగించిన మీరు, ఆయన్ని అడగలేదా?"

సార్ టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టారు.

శనివారం నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. బేకరీలో హెన్రీ గారు భారీ మనిషి, చేతులకి మోచేతుల దాకా పిండి. చూడగానే, "సార్!" అని కేక పెట్టారు. జకర్యా సార్ దారంతా వల్లించుకున్న మాటలు నిలబడే చెప్పేశారు. గుమ్మం సంగతి కూడా దాచలేదు.

హెన్రీ గారు చేతులు తుడుచుకుంటూ ఆలోచించారు. "గుమ్మం దగ్గరనా? ఆ రోజు వాన సార్. నా గొడుగు మీ కుర్చీ వెనక ఉండిపోయింది. అంత కొట్లాడినంక గొడుగు ఇయ్యమని ఎట్ల అడగాలె? మీరు తల లేపితే అడుగుదామని నిలబడ్డ. లేపలే. తడుసుకుంటనే పోయిన."

"గొడుగా?" అన్నారు జకర్యా సార్.

"గొడుగే సార్. కోపం రాలేదని కాదు, రెండు నెలలు తిట్టుకున్న. గాని లెక్కలు చెప్తుంటే పిల్లల కన్నా ముందు నాకే నిద్రొచ్చేటిది. మా మామ బేకరీల చేరినంకనే మనిషినైన. కూర్చోండి, పఫ్‌లు వేడిగున్నయి."

ఇద్దరూ కూర్చున్నారు. వాన గురించి ఒకరు, పరీక్ష డ్యూటీల గురించి ఇంకొకరు మొదలుపెట్టారు. అది తప్పని ఈయన, కాదు ఇదే తప్పని ఆయన. బల్ల చరుస్తూ, పగలబడి నవ్వుతూ, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒకరు చెప్పేది ఒకరు ఒక్క ముక్క వినడం లేదు. గొడవలు తీర్చే నా గురువుగారు అంత సంతోషంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. మధ్యలో కల్పించుకోకుండా మూడు పఫ్‌లు తినేసి ఇంటికొచ్చేశాను.