మునెమ్మ ముక్కు

హిందూపురం మార్కెట్ యార్డులో ఎండుమిరపకాయల తొడిమలు తీసే పనిలోనే మునెమ్మకు జుట్టు నెరిసింది. అక్కడ తుమ్మని మనిషి లేదు. ముక్కు కారడం, కళ్లు మండడం, మధ్యాహ్నానికి తల బరువెక్కడం అన్నీ మామూలే. అందుకే మునెమ్మకు జలుబు చేసిందంటే ఎవరూ నమ్మరు, అందరికంటే ముందు ఆమే నమ్మదు.

కాన్పుకు వచ్చిన కూతురు కల్పన, రెండు నెలల పాపతో పుట్టింట్లోనే ఉంది. పాపకు ఐదో నెలలో పెనుకొండకు, అత్తగారింటికి పోవాలి. ఆ పాపకు ఒక మొండిపట్టు. మునెమ్మ పని నుంచి వచ్చి, స్నానం చేసి, కాళ్లు చాపి వాటి మీద పడుకోబెట్టుకుంటే తప్ప నిద్రపోదు. ఈ సంగతి మునెమ్మ నోట వినని వాళ్లు ఆ వీధిలో లేరు.

చలికాలంలో ఒక సాయంత్రం పాప ఎంతకీ ఏడుపు ఆపలేదు. మునెమ్మకు పొద్దుటి నుంచి తలనొప్పి, ఒళ్లునొప్పులు, తుమ్ములు. వాటన్నిటినీ మిరపకాయల మీదికి నెట్టేసి, పాపకు దిష్టి తగిలిందని తేల్చింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ పాప చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. కాలే మిరపకాయ ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. పొయ్యి మీదికి వంగి వాసన చూసింది. ఏమీ తెలియలేదు.

"చూస్తివా మే, ఘాటే లేదు. బిడ్డకు ఎంత దిష్టి తగిలిండాదో."

కల్పన అప్పటికే పాపను కొంగులో చుట్టుకుని, దగ్గుతూ వీధిలోకి పరుగెత్తింది.

"ఇల్లంతా ఘాటే ఉండాదమ్మా. నీ ముక్కే మూసుకుపోయిండాది. ఒళ్లు పట్టి చూసుకో."

మునెమ్మ మెడ మీద చెయ్యి వేసుకుంది. కాలిపోతోంది. నిన్న సాయంత్రమంతా పాప తన కాళ్ల మీదే ఉంది. అది గుర్తొచ్చి భయంతో చాప తీసుకుని వసారాలోకి వచ్చేసింది.

ఆశా కార్యకర్త గంగాదేవి వచ్చి జ్వరం మాత్రలు ఇచ్చింది.

"నీకేం కాదక్కా. వేడివేడిగా తాగు, పడుకో. పసిబిడ్డకు ఒళ్లు వెచ్చబడితే మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దండి, అప్పుడే ఆసుపత్రికి తీసుకపోవాల."

మునెమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుంది. దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టింది, మిరియాల చారు తాగింది. సాయంత్రమైతే లోపల పాప ఏడ్చేది. తలనొప్పి కంటే ఆ ఏడుపే ఆమెకు భరించలేనిదిగా ఉండేది. "నుదురు చూస్తివా మే?" అని గోడ అవతలి నుంచి అడుగుతూనే ఉండేది. పాప నుదురు చల్లగానే ఉండింది.

జ్వరం వదిలింది, తలనొప్పి పోయింది, దగ్గు కూడా తగ్గింది. మూతికి గుడ్డ కట్టుకుని బిడ్డను ఎత్తుకోవచ్చని గంగాదేవి చెప్పింది. మునెమ్మకు ఆ మాట చాలలేదు. పెరట్లో నిప్పుల మీద ఒక మిరపకాయ వేసి వంగింది. ఘాటు నషాళానికి ఎక్కి, తుమ్ము మీద తుమ్ము వచ్చింది. ఇంత సంతోషంగా ఆమె ఎప్పుడూ తుమ్మి ఉండదు.

"తీసుకురా మే" అని కేకేసి, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, కాళ్లు చాపి కూర్చుంది.

కల్పన గడపలోనే ఆగిపోయింది. పాప ఆమె భుజం మీద నిద్రపోయి ఉంది.

"ఈ నాలుగు దినాల్లో ఈడ పడుకోను నేర్చుకున్యాదమ్మా."

మునెమ్మ కల్పన భుజం మీది పాపను చూసింది. చాపిన కాళ్లు మాత్రం ముడుచుకోలేదు.

"నిద్రపోతే పోనీ. ఈడ పడుకోబెట్టు" అంది.