బరా మీదికి నెట్టిన నేరం

ఆయన గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నారు. క్యారేజీ నా చేతిలో ఉంది. లేసు సగంలో వదిలేసి ఎడమ దవడ పట్టుకున్నారు. "పన్నుపోటులాగుందే," అన్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, నుదుటి నిండా చెమట. అది పన్నుపోటు కాదని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆయనకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు గనక.

ఆ సంగతిని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మావారిది ఒడిశాలో, తెరుబలి ఫ్యాక్టరీలో ఉద్యోగం. పాపను బడిలో వేసిన ఏడాది ఆయన రక్తంలో కొవ్వు బాగా ఎక్కువగా ఉందని తేలింది. రాయగడ డాక్టరు ఒక మాత్ర రాసి, "తిండి మార్చుకోవాలి, మాత్రా వేసుకోవాలి. రెండూ," అన్నారు. ఆ 'రెండూ' అన్న మాట నేను సరిగ్గానే విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

తిండి సంగతి నేను చూసుకున్నాను. గుణుపురంలో బీఎస్సీ చదివినదాన్ని, ఆ మాత్రం తెలియదా? పొద్దున్న చోడంబలి, అదే రాగి అంబలి. మధ్యాహ్నం అన్నం తగ్గించి ఉలవలు, ఆకుకూర. చేప వేపుడు మాని పులుసు. పామాయిలు డబ్బా బయటపడేశాను, కూరలో నూనె చెంచాతో పోశాను. బిస్సమ్ కటక్ సంత నుంచి ఆయన చేతే సామలు తెప్పించి రాత్రికి వండాను. మళ్లీ రక్తం చూపిస్తే కొవ్వు దిగింది.

మా అత్తగారు క్వార్టర్స్ అంతా చాటింపు వేశారు. "మా కోడలమ్మి సదువుకున్న పిల్ల. వంటతోనే కొవ్వు కరిగించీసింది!"

పక్కింటివాళ్లు రావడం మొదలుపెట్టారు. "ఏటి పెడతన్నావమ్మీ, మాకూ సెప్పు. మా ఆయన పొట్ట సూసేవా, కుండలాగ!" నేను చెప్పేదాన్ని. మాత్ర సంగతి ఎవరూ అడగలేదు. నేనూ ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదు? ఆ పొగడ్తలో మాత్రకు వాటా ఇవ్వడం ఇష్టంలేక. అప్పుడే ఆయన, మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి కాళ్లు లాగుతున్నాయన్నారు. మందులు మానేసి తిండితోనే నయం చేసుకోవచ్చని ఫోన్లో ఏదో వీడియోలో ఎవరో చెబుతుంటే విన్నాను. కాళ్లనొప్పికి జాలిపడి ఆపించానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలే అయితే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని కదా? తీసుకెళ్లలేదు. "డాక్టరుగారికి ఫోను చేశాను. కొవ్వు దిగింది కదా, మాత్ర ఇంక అక్కర్లేదన్నారు," అని చెప్పాను. ఫోను చెయ్యలేదు. ఆయన సంతోషించారు. నా మాట నమ్మడం ఆయనకు అన్నం తిన్నంత మామూలు.

మళ్లీ పరీక్ష చేయించలేదు. భయం వేసింది. ఆ తర్వాతే ఆ గుమ్మం, ఆ దవడ.

విశాఖపట్నం తీసుకెళ్లారు. గుండెపోటన్నారు, రక్తనాళంలో స్టెంటు వేశారు. బతికారు. వరండాలో అక్కడి డాక్టరు, మందులు వేసుకుంటున్నారా అని నన్నే అడిగారు. అవునని తల ఊపాను.

మర్నాడు మంచం దగ్గర కూర్చున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఓ మాట సెప్తాను, తిట్టకు. మొన్న సంతలో బరా తినీసేనే. గుగ్గుణీ ఏసుకుని, రెండు ప్లేట్లు. నువ్వు ఇంత కష్టపడి కొవ్వు కరిగించేవు, డాక్టరే మందు ఆపీమన్నాడు. నా నోరే పాడు సేసింది. అదే కొట్టీసింది నన్ను."

బరా అంటే మన గారెలాంటిదే, పైన గుగ్గుణీ, అంటే బఠాణీ కూర, పోసిస్తారు.

నేను చెప్పాల్సింది అప్పుడే. గొంతులోకి వచ్చింది కూడా. కానీ బయటికి వచ్చిన మాట వేరు.

"నేను చెప్పలేదేటి, బయట తినొద్దని?"

ఆయన కళ్లు దించుకున్నారు. నాకు గుండె తేలికపడింది. మందు ఆపించినదానికంటే ఆ తేలికే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

అక్కడితో ఆపానా? ఇంటికొచ్చాక పిల్లల్ని ఆయన మీద కాపలా పెట్టాను. ఆయన సంత నుంచి రాగానే ఇద్దరూ పరుగెత్తి, "నాన్నా, చేతులు చూపించు," అని నూనె వాసన వస్తుందేమోనని మూచూస్తారు. మొదట్లో ఆటే. ఆయన నవ్వుతూ చేతులు చాపేవారు. ఇప్పుడు అడక్కముందే చాపుతున్నారు, నవ్వకుండా. మాత్రలు మళ్లీ వేసుకుంటున్నారు, నేను పెట్టిందే తింటున్నారు, రుచి గురించి ఒక్క మాట అనరు.

నిన్న పక్కింట్లో పుట్టినరోజు. ఆయన చేతికి పకోడీల ప్లేటు ఇవ్వబోతే మా పాప గట్టిగా అంది, "మా నాన్నకి పెట్టొద్దు ఆంటీ. దొంగతనంగా తిని చచ్చిపోబోయాడు." అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఆ చేతుల్ని చూశాక నాకు నిద్ర పట్టలేదు. రాత్రి ఇంతవరకూ రాశాను.

ఇప్పుడు తెల్లవారింది. ఆయన డ్యూటీకి వెళ్లారు. పాపకు జడ వేస్తూ, బాబును దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను.

"ఈరోజునుంచి నాన్న చేతులు మూచూడొద్దు."

"మరి మళ్లీ బరా తినీస్తేనో?" అన్నాడు బాబు.

"నాన్నకి ఆ జబ్బు చేసింది బరా వల్ల కాదురా. డాక్టరు ఇచ్చిన మందు నేను ఆపించాను. డాక్టరే ఆపమన్నారని అబద్ధం చెప్పాను."

పాప జడ నా చేతిలోంచి లాక్కుని ఇటు తిరిగింది. "నాన్నకి తెలుసా?"

"తెలీదు. సాయంత్రం వచ్చాక చెప్తాను. మీ ఇద్దరి ముందే చెప్తాను."